తోడల్లుడి చేప

సరంగుకు రేవులో ఎవరి మీదా అసూయ లేదు, ఒక్క తోడల్లుడి మీద తప్ప.

ఇద్దరూ చేపల వేట సరదా ఉన్నవాళ్ళను పడవల్లో ఎక్కించుకుని వెళ్ళి గాలం వేయిస్తారు. ఆ వేటలో కొమ్ముకోనాం చేపదే పెద్ద పేరు. మూతి ముందు ఈటె లాంటి కొమ్ము, వీపు మీద తెరచాపలా విచ్చుకునే రెక్క. ఒకప్పుడు ఒడ్డుకు తెచ్చి తలకిందులుగా వేలాడదీసి తూచేవారు. అవి తగ్గిపోతూ వచ్చాక రేవులో అందరూ ఒక మాట మీదికి వచ్చారు. చిక్కినదాన్ని చంపకూడదు. వీపు కండలో నంబరున్న పసుపు ట్యాగు గుచ్చి వదిలేయాలి. అదే చేప ఎప్పుడైనా ఇంకెవరి గాలానికైనా పడితే, నంబరు చూసి చేపల పరిశోధన ఆఫీసుకు చెప్పాలి. ఎంత దూరం తిరిగిందో, ఎంత పెరిగిందో, అసలు బతికిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

బతికిందో లేదో అన్న దగ్గరే సరంగు కడుపు మండేది.

ట్యాగులు గుచ్చడంలో అతనే ముందు. జనం ఎగబడేదీ అతని పడవకే. కానీ మళ్ళీ దొరికిన చేపలన్నీ తోడల్లుడు వదిలినవే. సరంగు వదిలినవాటిలో ఒక్కదాని కబురూ రాలేదు. అంత సముద్రంలో మళ్ళీ దొరకడమన్నది అదృష్టమే తప్ప మరేం కాదని ఆఫీసు అమ్మాయి చెప్పింది. సరంగు తల ఊపాడు, నమ్మలేదు. రేవూ నమ్మలేదు. “వాడి చేతిది బతుకుతుందిరా” అనేవారు తోడల్లుడి గురించి. ఆ మాటకున్న రెండో సగం ఎవరూ పైకి అనలేదు. సరంగుకు అదే వినిపించేది.

ఇంట్లో అయినా ఊరట ఉందా అంటే, భార్య ఆ తోడల్లుడి మరదలాయె.

“బావకు మళ్ళీ ఫోనొచ్చిందట. అక్క చెప్పింది,” అంది ఆమె, ఆరిన బట్టలు మంచం మీద పోసి మడతపెడుతూ.

“మీ అక్క చెప్పకుండా ఎప్పుడుంది?”

“ఈసారిది బాగా పెరిగిందట.”

“చేపేగా, పెరుగుతుంది. మీ బావ పాలు పట్టి పెంచాడా ఏం?”

“మీకెందుకండీ అంత ఏడుపు? మీ చేపలూ ఎక్కడో చల్లగానే ఉండుంటాయి. ఎక్కడున్నామో చెప్పే అలవాటు లేదేమో, మీలాగే.”

ఆమె నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. ఆ సామెత కోడళ్ళ కోసమే పుట్టిందని అనుకునేవాళ్ళు సరంగును చూసి ఉండరు.

ఇద్దరి పనిలోనూ ఒకే ఒక్క తేడా ఉంది. తోడల్లుడు చేపను నీళ్ళలోంచి పైకి తీయనివ్వడు. ఫొటో కావాలంటే వంగి తీసుకోమంటాడు. ఇంజనును మెల్లగా ముందుకు పోనిస్తూ, కొమ్ము పట్టుకుని చేపను పడవ పక్కనే నడిపిస్తాడు. నీరు నోట్లోంచి మొప్పల గుండా పారి, దానంతట అది తోక ఆడించేదాకా వదలడు. విసుగొచ్చినవాళ్ళు మరుసటిసారి సరంగు పడవ ఎక్కుతారు. సరంగు చేపను ఎత్తి ఒళ్ళో పెడతాడు. ఫొటో కాగానే నీళ్ళలోకి జారుస్తాడు. అది కిందికి పోతుంది. మునగడమూ ఈదడమూ పైనుంచి ఒకేలా కనిపిస్తాయి.

ఒకనాడు ఒక పళ్ళ డాక్టరు గాలానికి కొమ్ముకోనాం పడింది. ఆయన చెమటలు కక్కుతూ రీలు తిప్పి తిప్పి దాన్ని పడవ పక్కకు తెచ్చాడు. సరంగు చేతి తొడుగుతో కొమ్ము అందుకున్నాడు. వీపు మీద నాచు పట్టిన పుల్ల లాంటిదేదో కనిపించింది. బొటనవేలితో గీకాడు. కింద పసుపు రంగు, అంకెలు. ట్యాగులు కట్టలుగా ఇస్తారు కాబట్టి ఏ కట్ట ఎవరిదో రేవులో అందరికీ తెలుసు.

“ఎవరిది?” అన్నాడు నత్త. పడవలో తాళ్ళు చూసుకునే ముసలాయన అతను. కాళ్ళు నత్తవే గానీ నోరు కాదు.

సరంగు బొటనవేలితో అంకెలు కప్పేశాడు.

“నీది కాదన్నమాట,” అన్నాడు నత్త.

కత్తి నడుముకే ఉంది. ఒక్క కోత కోస్తే ట్యాగు నీళ్ళపాలు. నత్త నోటికి ఏదో ఒక మూత దొరక్కపోదు. సరంగు చేయి నడుము దాకా వెళ్ళింది కూడా.

“పైకి తీయవయ్యా, ఫొటో,” అన్నాడు డాక్టరు.

అప్పుడు సరంగు చేపను సరిగా చూశాడు. పక్కకు ఒరిగిపోయింది. ఒంటి మీద రంగు చచ్చి సీసంలా ఉంది. ఎత్తితే పోతుందేమో. పోతే నత్త రేవులో కాలు పెట్టకముందే కథ చెబుతాడు: ఆయన చేతిలో బతికి సముద్రమంతా తిరిగొచ్చింది, ఈయన ఒళ్ళో చచ్చింది. చేయి నడుము నుంచి తిరిగొచ్చింది.

“తీయను డాక్టరు గారూ.”

“అదేమిటి? పోయినసారి మా బావమరిదికి ఎత్తిచ్చావుగా.”

“ఇది మా తోడల్లుడి చేప.”

డాక్టరు ఒక క్షణం అతని మొహం చూశాడు. “నాకూ ఉన్నాడులే ఒకడు,” అని కూలబడ్డాడు. “సరే కానీ.”

“బాబాయ్, ఇంజను మెల్లగా పోనీ,” అన్నాడు సరంగు నత్తతో.

పడవ కదిలింది. కొమ్ము ఆకురాయిలా గరుకుగా ఉంది. మణికట్టు లాగేసింది. తర్వాత భుజం. సరంగు ఇంతసేపు ఏ చేపనూ పట్టుకోలేదు. ఎంతసేపు పట్టుకోవాలో కూడా అతనికి తెలియదు. మొప్పలు ఒకసారి విచ్చుకున్నాయి. ఆగాయి. మళ్ళీ విచ్చుకున్నాయి. సీసం రంగు కింది నుంచి నీలం మెల్లగా పైకి వచ్చింది, చారలు చారలుగా. ఉన్నట్టుండి చేప లాగింది. చేతిలోంచి మోచేతి దాకా పాకింది ఆ లాగుడు. సరంగు వదిలాడు.

అది మునగలేదు. వెళ్ళింది.

తాను ఇన్నాళ్ళూ జార్చినవి ఇలా వెళ్ళలేదని సరంగుకు తెలిసిపోయింది. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. ఈ లాగుడును ఇన్నేళ్ళూ ప్రతిసారీ వాడొక్కడే చేతిలో పట్టుకున్నాడు. ఒక్కరోజు కూడా చెప్పలేదు. కడుపు మంట మునుపటికంటే ఎక్కువైంది.

నత్త కంటే ముందు తానే చెప్పడం మేలనుకుని, సాయంత్రం తోడల్లుడి ఇంటికి వెళ్ళాడు. ఇరుకు మెట్లు. గదిలో దీపం కింద తోడల్లుడు పాత పేపరు పరిచి, రీలు విప్పి, ముక్కలకు నూనె పెడుతున్నాడు.

“రా తమ్ముడూ. కాలు పెట్టేవు, స్క్రూలున్నాయి.”

సరంగు గుమ్మంలోనే నిలబడ్డాడు. “నీ చేప దొరికింది అన్నయ్యా.”

“ఫోను రాలేదే. ఎవరికి?”

“నాకు.”

తోడల్లుడు నూనె గుడ్డ పక్కన పెట్టాడు. “ఉందా?”

“ఉంది. నడిపించి వదిలాను.”

“నువ్వా?”

“నేనే.”

తోడల్లుడు చేతి నూనె పేపరుకు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఇన్నిసార్లు కబురొచ్చింది. అన్నీ ఫోనులోనే. ఎవరెవరో చూశారు. నేను గుచ్చినదాన్ని నేను మళ్ళీ ఒక్కసారి కూడా చూడలేదు.” ఆ మాటల కింది మంట సరంగుకు బాగా తెలుసు. రోజూ తన కడుపులో ఉండేదే.

“వచ్చిన పేరు చాలక మరిది గారి మీద కూడా ఏడుస్తున్నారా?” అంది వదిన లోపలి నుంచి.

“ఏడవట్లేదు. అడుగుతున్నాను,” అన్నాడు తోడల్లుడు. మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు. “చెప్పు తమ్ముడూ. ఎలా ఉంది? రంగొచ్చిందా? లాగిందా?”

సరంగు స్క్రూలు తొక్కకుండా గదిలోకి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాళ్ళు బారజాపాడు.

“చెప్తానుండు అన్నయ్యా,” అన్నాడు. “తొందరేముంది.”

ఎక్కడ మొదలుపెట్టాలా అని తీరిగ్గా ఆలోచించాడు.