గిలక ఆగిన చోట

శుక్రవారం సాయంత్రం మా పంచాయతీ ఆఫీసు రేడియో వినడానికి పది ఊళ్ల జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లని మనవళ్లకు చెబుతుంటాను. అంత లేదు. ముప్పై మంది ఉంటారేమో. అందులో సగంమంది గంజి కేంద్రంలో తాగిన గంజితో ఇంటికి పోయి, వట్టి పొయ్యి ముందు కూర్చోవడం ఇష్టంలేక ఆగినవాళ్లు. అయినా కట్టడానికి ఎద్దులెక్కడివి? అరవైల్లో వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం అది. వాన పడితే వజ్రకరూరు చేలల్లో వజ్రపు రాళ్లు ఏరుకోవడానికైనా పోయేవాళ్లు, ఆ ఆశా లేదు.

నేను పంచాయతీ గుమాస్తాను. రేడియో నా చేతిలో ఉండేది. వారం వారం మద్రాసు నుంచి ఒక సంసారం నాటకం వచ్చేది. మొగుడు, పెళ్లాం, అత్త. వాళ్ల పోట్లాటకు జనం నవ్వేవాళ్లు. నాకు వాళ్ల మీద ధ్యాస లేదు. ఆ నాటకంలోనే పక్కింట్లో ఒకాయన దగ్గేవాడు. ఆయనకు ఒక్క మాటా ఉండేది కాదు. ఆ వైపు గిన్నె చప్పుడు ఎన్నడూ లేదు కాబట్టి ఆయనకు పెళ్లాం పోయిందని, హోటల్లో తింటాడని తేల్చాను. ఒక వారం ఆ దగ్గు వినపడకపోతే ఊరంతా దిగులుపడింది. ఊరంతా అంటే, నేనూ, బావులు తవ్వే ఒకాయనా.

ఆయన నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. తవ్వినచోటల్లా రాయి పడి, పని లేక కూర్చున్నాడు. ఆ ఎండాకాలమే ఎవరో మేస్త్రీ వచ్చి, మద్రాసులో ఇంటిపని, మూడు పూటలా అన్నం అని చెప్పి ఆయన కూతుర్ని తీసుకుపోయాడు. తల్లి లేని పిల్ల. ఆ తర్వాత పిల్ల కబురూ లేదు, మేస్త్రీ జాడా లేదు.

నాటకంలో అత్త నీళ్లకు కేకేస్తే బొక్కెన దిగిన చప్పుడు, గిలక కీచుమన్న చప్పుడు వచ్చేవి. తోడే పనిమనిషి గొంతు మాత్రం ఎన్నడూ విప్పదు. ఒక శుక్రవారం ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"సూడప్పా, సగంలో నిలిపింది. తాడు తొక్కిపెట్టింది."

మా బావులు లోతు. ఆడవాళ్లు బొక్కెనను సగందాకా లాగి, తాడును కాలికింద తొక్కిపట్టి, ఊపిరి తీసుకుని మళ్లీ లాగుతారు. అంతసేపూ గిలక మోగదు. రేడియోలోనూ మోగలేదు. దీన్ని మొదట పట్టింది నేనేనని ఎన్నో ఏళ్లు చెప్పుకున్నాను. ఆయన చెప్పాకే నాకు వినపడింది.

"మన సీమ పాప. నా బిడ్డే," అన్నాడు.

నాటకమని మాకు తెలియక కాదు. మొగుడూ పెళ్లామూ వేషగాళ్లని తెలుసు. కానీ మాటే లేని మనిషికి వేషమెందుకు? నీళ్లు ఎవరో నిజంగానే తోడుతున్నారు కదా అనుకున్నాం. అక్కడున్నవాళ్లలో ఒక్కరికీ సందేహం రాలేదు.

ఆయన మద్రాసు పోయాడు. నేనూ వెంట పోయి, రేడియో వాళ్ల గేటు దగ్గర జవానుతో ఇంగ్లీషులో వాదించి లోపలికి తీసుకుపోయానని చాలామందికి చెప్పాను. నేను గుంతకల్లు స్టేషను దాకా కూడా పోలేదు. మిగిలిందంతా ఆయన తిరిగొచ్చి మా గడపలో కూర్చుని చెప్పిందే.

"ఆడ బావి లేదప్పా. రూములో తొట్టి ఉండాది. ఒక మొగోడు లాగుతాడు."

సగంలో ఎందుకు ఆపుతావని అడిగితే, తర్వాతి మాట కాగితంలో చూసుకోవడానికి అన్నాడట ఆ మనిషి. మర్యాదగానే చెప్పి, టీ ఇప్పించి పంపారట.

ఆయన వెంటనే రైలెక్కలేదు. పొద్దునా సాయంత్రం వీధులు పట్టుకుని తిరిగాడు. ఏ పెరట్లో గిలక మోగినా గోడవతల నిలబడి, ఆగుతుందా అని విన్నాడు. దొంగేమోనని తరిమినవాళ్లున్నారు. ఎక్కడా ఆగలేదు. చివరికి ఎవరింట్లోనో దాహమడిగి, బావిలోకి తొంగి చూశాడు. నీళ్లు చేయి చాస్తే అందేంత పైన ఉన్నాయి.

"ఆ బావులల్లో మన పాప అయినా నిలపదు కదప్పా," అన్నాడు. "నేను దాటిపోయిన ఇండ్లల్లో యాడన్నా ఉండెనేమో."

ఇక్కడ ఆయనకు మజ్జిగ ఇచ్చానని రాయబోయాను. ఆ రోజుల్లో మా ఇంట్లో మజ్జిగ లేదు.

తర్వాతి శుక్రవారం వచ్చి ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చున్నాడు. అత్త నీళ్లకు కేకేసింది. నేను లేచి రేడియో కట్టేయబోయాను.

"ఉండనీప్పా," అన్నాడు. "ఎవరి పాపో తోడుతాండాది."

తోడేది మొగవాడని చెప్పింది ఆయనే. నేను చేయి వెనక్కి తీసుకుని కూర్చున్నాను.