లోహిత చెప్పిన అర్ధగంట

బంగారుపాళ్యం దాటి, హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో మునివెంకటప్పకు చిన్న మామిడి తోట ఉంది. అన్నీ గుజ్జుకు పోయే తోతాపురి చెట్లే. ఆయనకు ఒక్కతే కూతురు, లోహిత. ఆ పిల్ల ఇంటర్ పాసైన ఏడాది తిరుపతిలో ఒక కంపెనీ వాళ్ళు పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకున్నారు. ఫ్యాక్టరీలకూ ఆస్పత్రులకూ ఏ పనికి ఏ కంప్యూటర్ పద్ధతి పెట్టుకోవాలో సలహా చెప్పి, పెట్టించి ఇచ్చే కంపెనీ అది. వారంలో ఐదు రోజులు అప్రెంటిస్‌గా ఆఫీసు పని, శని ఆదివారాలు యూనివర్సిటీ క్లాసులు, మూడేళ్ళకు చేతిలో డిగ్రీ, దాని వెంటే పర్మనెంటు ఉద్యోగం. వినడానికి ఎంత బాగుందో! ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడు ఎవరోగానీ, మనిషికి వారానికి ఏడు రోజులుంటాయన్న సంగతి బాగా లెక్క చూసుకున్నాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు.

లోహిత తిరుపతిలో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి గది తీసుకుంది. పేరుకు ఐదు రోజుల పనేగానీ, క్లయింట్లకు ఆదివారమని తెలియదు. క్లాసులు ఫోన్లో జరిగేవి, మొహం కనపడుతుంటేనే హాజరు. అందుకని బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఫోన్ని ముందు సీటు కమ్మీకి కట్టి, ఒక చెవిలో పాఠం, ఇంకో చెవిలో ఆఫీసు పెట్టుకునేది. ఒకసారి ప్రొఫెసరు ఏదో అడిగితే, సమాధానంగా ఒక ఆస్పత్రి మందుల స్టాకంతా అప్పజెప్పింది. క్లాసు మొత్తం నవ్వింది. తనూ నవ్వింది. కానీ ఆ రోజు నుంచి ఎవరు ఏది అడిగినా, ముందు ఏ చెవిలో అడిగారో చూసుకుని మాట్లాడటం అలవాటైపోయింది.

ఈ రెండు చెవుల మధ్యలోకి మూడోది ఇంటి ఫోను. మునివెంకటప్పది బటన్ల ఫోను. పచ్చది నొక్కితే మాట్లాడొచ్చు, ఎర్రది నొక్కితే ఆగిపోతుంది. అంతకు మించి దానితో ఆయనకు పరిచయం లేదు. అందుకని రేషన్ కార్డుకూ గ్యాసుకూ బ్యాంకుకూ కూతురి నంబరే ఇచ్చాడు. ఊళ్ళో ఆయనొక్కడే కాదు, సగం మందిది అదే పద్ధతి. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, తండ్రుల పేరున వచ్చే మెసేజీలన్నీ అక్కడ మోగుతుంటాయి. "పాపా, నంబరొకటి వచ్చింటాది సూడు" అని మునివెంకటప్ప ఫోన్ చేసేవాడు. లోహిత ఏ పనిలో ఉన్నా అంకెలు చదివి చెప్పేది. దేనికని అడగడం ఎప్పుడో మానేసింది.

మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కింది. కిందటేడు మాత్రం స్టాటిస్టిక్స్ పరీక్ష రోజు పొద్దున్నే ఒక క్లయింటు దగ్గర సిస్టం ఆగిపోయింది. ఆ పని చూసింది లోహితే. "నువ్వు లేకపోతే ఎట్లమ్మా" అన్నాడు గుణశేఖర్. ఆమె టీముకు పెద్ద ఆయనే. లోహిత ఆగింది. మధ్యాహ్నానికి సిస్టం లేచింది, పేపరు పోయింది. ఆ సాయంత్రం మెచ్చుకుంటూ ఆయన అందరికీ మెయిల్ పెట్టాడు. మెయిల్‌ను యూనివర్సిటీ మార్కుల్లో కలపదు కదా.

ఆ పేపరు మళ్ళీ ఈ జూన్లో. ఇదే ఆఖరి అవకాశం. జులైలోగా డిగ్రీ చేతికి రాని అప్రెంటిస్‌లకు కంపెనీలో చోటు లేదని ముందే చెప్పేశారు. అంటే ఈ ఒక్క పేపరు పోతే బస్సుల్లో చదివిన చదువూ, ఆదివారాలు మింగిన పనీ అన్నీ కట్టగట్టుకుని పోయినట్టే. లోహితకు నిద్రలోనూ ఇదే భయం.

సరిగ్గా అప్పుడే బంగారుపాళ్యం పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పని వచ్చింది. సీజన్లో ఫ్యాక్టరీ గేటు ముందు కాయల ట్రాక్టర్లు హైవే పొడవునా బారులు తీరతాయి. ఆ వరసకు ఫోన్ టోకెన్లు పెట్టాలి. రైతు నంబరు ఇస్తే, దానికి వచ్చే అంకెలు చెప్పించుకుని వంతు రాసుకోవాలి. "నీది ఆ ఊరే కదా, నీకు తెలిసినంత మాకెవరికి తెలుస్తుంది" అని గుణశేఖర్ ఆమెనే పెట్టాడు.

మీటింగులో ఫ్యాక్టరీ మేనేజరు గోడు వెళ్ళబోసుకున్నాడు. టోకెన్ తీసుకున్న మనిషి వంతు వచ్చేసరికి టీ కొట్టు దగ్గర ఉంటాడట, లోపల యంత్రాలు ఖాళీగా తిరుగుతాయట. కనుక వంతు రాగానే రైతు ఫోన్‌కు మెసేజీ పోవాలి. అతను దాన్ని తెరిచి, ఉన్నానని నొక్కాలి. నొక్కకపోతే వంతు రద్దై వరస చివరికి పోవాలి. ఎంతసేపు ఆగాలన్నది ప్రశ్న. ఒకరు పావుగంటన్నారు, ఇంకొకరు గంటన్నారు. గుణశేఖర్ లోహిత వైపు తిరిగాడు.

"రైతు బిడ్డవి నువ్వే. నువ్వు చెప్పు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమెను చూశారు. మా నాయనకు మెసేజీ తెరవడం రాదు సార్, మా ఊళ్ళో సగం మందికి రాదు, వాళ్ళ నంబర్లు వాళ్ళవే కావు. ఇదంతా ఆమెకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ చల్లటి గదిలో, ఇస్త్రీ చొక్కాల మధ్య, ఆ మాట అనడానికి సిగ్గేసింది. నిద్ర లేక తల దిమ్ముగా ఉంది. మీటింగు తొందరగా ముగిస్తే స్టాటిస్టిక్స్ ఒక పాఠం చదువుకోవచ్చు.

"అర్ధగంట చాలు సార్. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి" అంది.

రైతు బిడ్డే చెప్పాక ఇంకెవరు మాట్లాడతారు? అర్ధగంట ఖాయమైంది. రైతులకు పోయే మెసేజీని తెలుగులో రాసిందీ ఆమే.

పరీక్ష దగ్గర పడ్డ రోజుల్లో మునివెంకటప్ప ఫోన్ చేశాడు.

"నంబరొచ్చింటాది సూడు పాపా."

లోహిత ఒక చెవిలో క్లయింటు మాట వింటూనే అంకెలు చదివింది. పైన ఏం రాసి ఉందో చూడలేదు. "బాగా సదువుకోమ్మా" అని ఆయన పెట్టేశాడు. కాయ కోసిన సంగతిగానీ, ట్రాక్టరు బాడుగకు మాట్లాడిన సంగతిగానీ ఎత్తలేదు. బిడ్డకు పరీక్ష అయ్యేదాకా తోట ఊసే తీయొద్దని భార్య పంకజాక్షికి కూడా గట్టిగా చెప్పాడు. ఆ ఇంట్లో ఒకరి మీద ఒకరికున్న ప్రేమంతా ఇలా చెప్పకుండా దాచుకోవడంలోనే ఖర్చైపోయేది.

పరీక్ష రోజున గుణశేఖర్ సెలవిచ్చాడు, అది మధ్యాహ్నం దాకానే. లోహిత ఫోను ఆపేసి, సంచిలో వేసి, సంచిని హాలు బయట వరండాలో మిగతా సంచుల పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. ప్రశ్నలు చూస్తే తెలిసినవే. రెండు చెవులూ ఒకేసారి ఖాళీగా ఉండటం ఆమెకు ఎన్నాళ్ళకో దొరికిన సుఖం. ఎక్కడా ఆగకుండా రాసింది.

బయటికి వచ్చేసరికి మనసు తేలిగ్గా ఉంది. నిమ్మకాయ సోడా తాగుతూ ఫోను తెరిచింది. నాయన ఒకసారి ఫోన్ చేసినట్టు కనపడింది. కింద ఒక మెసేజీ. 'మీ వంతు వచ్చింది. మీరు సిద్ధంగా ఉన్నట్టు అర్ధగంటలోగా తెలియజేయండి.' ఈ వాక్యం ఎక్కడో చూసినట్టుందే అనుకుంది. చూడటమేమిటి, రాసిందే తను. దాని కింద ఇంకొకటి: 'మునివెంకటప్ప గారూ, మీ వంతు రద్దయింది.'

నాయనకు చేస్తే తీయలేదు. గుణశేఖర్‌కు చేసింది.

"సార్, మా నాయన టోకెన్ రద్దయింది. ఆయన ఆడే ఉంటాడు సార్. మళ్ళీ ముందుకు పెట్టండి."

"ఒక్కరికి మారిస్తే గేటు దగ్గర కొట్టుకుంటారమ్మా. పొద్దున్నుంచి చాలా మందివి ఇట్లే రద్దయినాయి, ఎందుకో అర్థం కావడం లేదు." దెప్పుదామని కాదుగానీ, "నువ్వే కదా అర్ధగంట చాలన్నావు" అన్నాడు.

మధ్యాహ్నం ఆఫీసుకు పోవాల్సిన మనిషి చిత్తూరు బస్సెక్కింది. అక్కడ దిగి బంగారుపాళ్యం బస్సు పట్టుకుంది. ఊరు ఇంకా రాకముందే ట్రాక్టర్లు మొదలయ్యాయి. టార్పాలిన్ల కింద పండిపోయిన కాయల వాసన కిటికీలోంచి గుప్పుమంది. రోడ్డు పక్కన అక్కడక్కడా కాయలు కుప్పలుగా పారబోసి ఉన్నాయి. వాటిని తిని తిని విసిగిన ఆవులు మొహం తిప్పుకుని నిలబడ్డాయి.

మునివెంకటప్ప ట్రాక్టరు వరస చివర ఉంది. వరసలో ఎండకు నిలబడి నిలబడి అడుగున కాయ మెత్తబడింది, ట్రాలీ సందుల్లోంచి రసం కారుతోంది. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆగినా ఆ కాయను ఫ్యాక్టరీ ముట్టుకోదు. డ్రైవరు వేరే లోడుకు పోవాలని తొందర పెడుతున్నాడు. మునివెంకటప్ప ఒక్కడే గంపలోకి ఎత్తి రోడ్డు పక్క గుంతలో పోస్తున్నాడు. కూతుర్ని చూసి ఉలిక్కిపడ్డాడు.

"నువ్వెందుకొచ్చినావు పాపా?"

"నాకెందుకు సెప్పలేదు నాయనా?"

"సెప్తే పరీచ్చ ఇడిసిపెట్టి వస్తావని." ఆయన పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "ఒకతూరి ఫోన్ చేసినా. ఆపేసుండాది. పరీచ్చలో ఉంటాది గదా, మళ్ళీ మళ్ళీ చేస్తే బాగుండదని ఊరకుండినా. ఆ గేటు కాడోడు సూడు, మెసేజీ వచ్చినాక అర్ధగంటలో నొక్కల్లంట. నేను వాడి ముందరే నిలబడుకోనుండా. ఈడే ఉండాను గదప్పా, కండ్లు కనపడలేదా అంటే, నువ్వు లేవని పడతా ఉండాది ఈడ, నేనేం చేసేది అంటాడు. నా ఎనకుండే బండ్లన్నీ నన్ను దాటుకోని పోయినాయి."

ఆయన ఇంకో గంప గుంతలో పోసి వచ్చాడు.

"ఆ అర్ధగంట పెట్టినోడెవుడో గానీ, మామిడిచెట్టు మొగం సూసినోడు కాదు."

ఆమె ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గుణశేఖర్ వచ్చి ఈయనకు చెప్పబోడు. పరీక్ష బాగా రాసింది, వచ్చే నెలకు డిగ్రీ వస్తుంది, ఉద్యోగం నిలబడుతుంది. ఊరుకోవచ్చు.

"పెట్టింది నేనే నాయనా."

మునివెంకటప్పకు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. మీటింగులో అందరూ తననే అడిగారని చెప్పింది.

"నీకు మెసేజీ తీసేది రాదని ఆళ్ళ ముందర సెప్పేదానికి సిగ్గయింది నాయనా. అందుకే అర్ధగంట సాలంటిని."

ఆయన ఖాళీ గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కూతురి మొహం కేసి చూడలేదు, ట్రాలీలో ఇంకా మిగిలిన కాయల్ని చూశాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. మునివెంకటప్ప కాయలెత్తి గంప నింపాడు. నిండాక కూడా కాసేపు దాని అంచు పట్టుకుని ఉండిపోయాడు.

"పరీచ్చ రాసినావా?" అన్నాడు చివరికి.

"రాసినా."

"బాగా?"

"బాగా రాసినా నాయనా."

"అట్లయితే రా. ఆ పక్క పట్టుకో."

లోహిత ఆఫీసు సంచిని రోడ్డు అంచున పెట్టి గంప రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆ ఏటి పంటను గుంతలో పోశారు.