మౌనిక వాళ్ళ నాన్న

నాలుగేళ్ళుగా ఇది నా గుండెల మీద ఉంది. రోజూ డైరీ రాస్తాను, కానీ ఈ ఒక్క సంగతి అందులో లేదు. డైరీకి కూడా అబద్ధం చెప్పవచ్చని అప్పుడే తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో జర్మన్ నేర్చుకునేటప్పుడు మౌనిక నా పక్కన కూర్చునేది. నల్గొండ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళు. వాళ్ళ నాన్న పండ్ల మార్కెట్లో హమాలీ. ఆ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫారంలో తండ్రి వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాసింది. మా నాన్న బట్టల షాపులో గుమాస్తా. నేను ‘ప్రైవేటు ఉద్యోగం’ అని రాశాను. ఇద్దరం సిగ్గుపడ్డాం.

‘మా ఇంట్లో పని’ మీద వ్యాసం రాయమన్నారు. బాగా రాసిన ఒకరిని జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌కు నాలుగు రోజులు పంపుతామన్నారు. ద్రాక్షతోటల మధ్య ఉన్న పాత నగరం. మౌనిక రాసి, తప్పులు దిద్దమని నాకిచ్చింది. మార్కెట్టు ఊరి బయట బాటసింగారానికి మారాక వాళ్ళ నాన్న రెండు బస్సులెక్కి వెళ్ళడం, ద్రాక్ష పెట్టెను నిద్రపోయే బిడ్డను దించినట్టు దించడం, రాలిన పళ్ళు తువ్వాలులో కట్టుకుని తేవడం, అన్నీ రాసింది. దిద్ది ఇచ్చేశాను. తర్వాత అదే కథను, నా తండ్రి కథగా, ఇంకా మంచి జర్మన్‌లో రాశాను. వాక్యాలు సరిచేసింది నేనే కదా, సగం నాదే కదా అనుకున్నాను. నిజంగా అప్పుడు అలా అనుకున్నానా? లేక ఇప్పుడు అల్లుకుంటున్నానా?

రెండు వ్యాసాలూ చదివి జర్మన్ సార్ ఇద్దరినీ పిలిచారు.

“ఏంది మౌనికా, నాయిన్ని గూడ కాపీ కొడతరా? ఫారంల వ్యాపారం అని రాస్తివి.”

“సిగ్గైతదని రాసిన సార్. పెట్టెలు మోసేది మా నాయినే.” నా వైపు తిరిగింది. “చెప్పవే. నువ్వే దిద్దితివి గదా.”

సార్ నన్ను చూశారు.

“నాకు తెలీదు సార్,” అన్నాను.

మౌనిక తన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మరుసటి వారం నుంచి క్లాసుకు రాలేదు.

నా వ్యాసాన్నే ఎంచారు. జర్మనీకి నేను వెళ్ళాను. ఆ ఊళ్ళో నది మీద పాత వంతెన ఉంది. క్రైస్తవ సాధువుల రాతి విగ్రహాల మధ్య జనం పట్టపగలే వైన్ గ్లాసులతో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. మూడో రోజు కొండవాలు మీది ద్రాక్షతోటకు తీసుకువెళ్ళారు. తోట యజమానురాలు పెద్దావిడ, నా వ్యాసం చదివిందట. ఒక గుత్తి కోసి నా చేతిలో పెట్టి, “మీ నాన్న దీన్ని చూస్తే ఏమంటారు?” అని అడిగింది. కాడ పచ్చగా ఉంది, ఇది దూరం పోయినా చెడదు అంటారని చెప్పాను. అది కూడా మౌనిక ఎప్పుడో చెప్పిన మాటే. ఆవిడ సంతోషంగా నా రెండు చేతులూ పట్టుకుంది. పీల్చిన గాలి లోపలికి దిగలేదు. ఆ క్షణంలోనైనా నిజం చెప్పి ఉండవచ్చు. జర్మన్‌లో ఆ వాక్యం నాకు వచ్చు. చెప్పలేదు.

మౌనిక ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసుకోలేదు. తెలుసుకోవాలంటే భయం. క్షమిస్తుందని ఇది రాయడం లేదు. క్షమించకపోతే అది న్యాయమే.

ఆ వ్యాసం మౌనిక రాసింది. నేను దొంగిలించాను. ఈ రెండు వాక్యాలు ఇంతవరకు ఎక్కడా పెట్టలేదు. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.