వైండింగక్క మొదటి స్వరం

కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి మళ్ళీ ప్రాణం పోయడం ఆమె పని. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి అసలు పేరు ఎప్పుడో పోయి ‘వైండింగక్క’ మిగిలింది. మోటారు తిప్పి, కళ్ళు మూసుకుని విని, “బేరింగు పోయింది” అందంటే పోయినట్టే. విప్పి చూడటం ఊరికే మర్యాదకి.

అలాంటి మనిషి పాట నేర్చుకోవడానికి వెళ్ళి మొదటి స్వరం దగ్గరే చతికిలబడింది.

టీచరమ్మ ఆమెకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ఆవిడ ముందుగదిలో చాప మీద ఆరుగురు పిల్లలు, వాళ్ళ మధ్య మోకాళ్ళు మడవలేక అవస్థపడుతూ వైండింగక్క. హార్మోనియం ‘స’ పలికితే ఈవిడ అందుకుంటుంది. సరిగ్గానే ఎత్తుకుంటుంది, రెండు క్షణాల్లో గొంతు మెల్లగా పైకి జారిపోతుంది. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుంటారు.

మూడు వారాలు ఇదే తంతు.

“గొంతుకి కాస్త గ్రీజు పూసుకోవే, బిగుసుకుపోయుంటుంది,” అంది ఇంట్లో అత్తగారు.

“నవ్వండత్తయ్యా. రేపు నేను పాడితే మీరే తలుపులు తీస్తారు.”

“తీస్తా, పారిపోడానికి.”

పైకి నవ్వినా లోపల గుబులే. ఇన్నాళ్ళూ మోటార్ల పాటే విన్న మనిషికి, ఒక్క పాటైనా తన గొంతులోంచి రావాలని ఆశ. టీచరమ్మేమో మొహమాటపడుతూనే చెప్పేసింది: “తప్పుగా అనుకోకండక్కా. వచ్చే క్లాసులో కూడా ‘స’ నిలవకపోతే ఆపేద్దాం.”

ఎన్నిసార్లు బాగుచేసినా మళ్ళీ కాలే మోటారొస్తే వైండింగక్క దాన్ని తిట్టదు. దాన్ని పెట్టిన చోటు చూసొస్తుంది. ఆ క్లాసు రోజున కూడా అదే చేసింది. అరగంట ముందే వెళ్ళి, చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని గదిని వింది.

“టీచరమ్మా, ఒక్కసారి ఫ్యాన్ ఆపుతారా?”

“ఉక్కపోస్తుందక్కా.”

“పోయనివ్వండి.”

రెక్కలు ఆగాయి. ‘స’ ఎత్తుకుంది. ఊపిరి అయిపోయేదాకా గొంతు కదిలితే ఒట్టు. ఫ్యాన్ వేయించి మళ్ళీ పాడింది. గొంతు మళ్ళీ పైకి జారింది.

టీచరమ్మ ఫ్యాన్ రొదని హార్మోనియం మీద వెతికింది. దొరికింది. ‘స’కి కాస్త పైన.

“అక్కా! మూడు వారాలుగా మీరు మా ఫ్యాన్‌తో కలిసి పాడుతున్నారు, వెంట్రుకవాసి తేడా లేకుండా!”

“ఇరవై ఆరేళ్ళుగా మోటార్ల గోడే వింటున్నానమ్మా. చెవి అటే పోతుంది,” అంటూ వైండింగక్క అప్పటికే స్టూలు లాక్కుంది. సంచీలో ఎప్పుడూ స్పానర్లూ కొత్త బేరింగులూ ఉంటాయి మరి. పిల్లలు వచ్చేసరికి ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరుగుతోంది, దాని కింద ‘స’ నిలబడి ఉంది. ఈసారి నవ్వడానికి ఏమీ దొరక్క పిల్లలు దిగాలుగా కూర్చున్నారు.

“ఇక ఆపే మాటే లేదు. రెండో స్వరానికి వెళ్దామా?” అంది టీచరమ్మ.

“ఒక్క నిమిషమమ్మా,” అని లేచింది వైండింగక్క. “వంటింట్లో ఫ్రిజ్ ఏదో అంటోంది. దాన్ని కూడా చూసొస్తా.”