పసుపు బల్బు కింద మెకానిక్

ఆ వీధిలో ఎవరి కారు కింద నూనె చుక్క పడినా ముందు వెళ్ళేది చివరి ఇంటికే. వంటగది గోడకు ఆనించి ఒక రేకుల షెడ్డు, అందులో నాలుగు ఇనుప స్టాండ్ల మీద ఎత్తి నిలబెట్టిన కారు, దాని కింద చాప మీద వెల్లకిలా పడుకున్న మెకానిక్. ఇంజన్ చప్పుడు వినగానే జబ్బు చెప్పేస్తాడని అతనికి పేరు. ఆ సంగతి అతనికీ బాగానే తెలుసు. తెలియనట్టు ఉండటం మాత్రం ఇంకా చేతకాలేదు.

అలాంటివాడి దగ్గరికి టాక్సీ డ్రైవరు ఒకే చుక్క కోసం మూడోసారి వచ్చాడు.

"నీ చెయ్యి బంగారం అని టాక్సీ స్టాండులో అందరికీ చెప్పుకున్నా తమ్ముడూ. ఇప్పుడు వాళ్ళు నా బండి కింద అట్టముక్క పరిచి మరీ నవ్వుతున్నారు."

"ఈసారి పడదన్నా."

"పోయినసారీ ఇదే అన్నావు. మధ్యాహ్నం దాకా చూస్తా. ఆ తర్వాత పెద్ద వర్క్‌షాపుకే. నేనెటు పోతే స్టాండంతా అటే వస్తుంది, ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాడు? అతని ఇల్లు నడుస్తున్నదే ఆ స్టాండు బళ్ళ మీద.

మొదటిసారి ఇంజన్ కింద నూనె నిలిచే ఛాంబర్‌కి కొత్త ప్యాకింగ్ వేశాడు. రెండోసారి దాని వెనకున్న సీలు మార్చాడు. ఇప్పుడు మళ్ళీ ఛాంబర్ అంచునే తడి. పక్కన కొక్కేనికి వేలాడే పసుపు బల్బు ఒక వైపు వెలుగిస్తే రెండో వైపంతా నీడే. దగ్గరకు లాక్కుంటే చెవి కాలుతుంది. కుడి చెవి మీద దాని ముద్ర ఉండనే ఉంది. నోట్లో టార్చి పెట్టుకుంటే వెలుగు కన్నా చొంగే ఎక్కువ.

చంటిదాన్ని చంకనేసుకుని భార్య షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ముందుగదిలో ఆమెది కుట్టుపని.

"ఏమండీ, ఆ బల్బు వైరు మళ్ళీ నేల మీదే పడేశారు. ఇది పాకుతోందని తెలుసా, తెలీదా?"

"తీస్తాలేవే. ముందు ఈ నూనె సంగతి తేలనీ."

"ఏ రంగు నూనె?"

"నూనెకి రంగేమిటి? మట్టి కొట్టుకుని నల్లగా ఉంది."

"ఈ బల్బు కింద నేనైతే దారం కూడా ఎంచను. ఎరుపూ గోధుమరంగూ ఒక్కలాగే కనబడతాయి. గుమ్మంలోకి తెచ్చి చూడందే సూదిలోకి ఎక్కించను."

"ఇది గౌను కాదు, కారు."

"కారు చూడటానికి వేరే కళ్ళు తగిలించుకుంటారా?"

అతను కారు కింద నుంచి జరిగి వచ్చి లేచి కూర్చున్నాడు. ఆమె లైనింగ్ గుడ్డలోంచి తెల్లటి ముక్క ఒకటి కత్తిరించి ఇచ్చింది. అతను కారు అడుగంతా శుభ్రంగా తుడిచాడు. ఇంజన్ ఆన్ చేసి, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిప్పి, ఇంజన్ ఆపాక మళ్ళీ కిందికి దూరాడు. తడికి ముక్క అద్ది ఎండలోకి తెచ్చాడు.

మరక ఎర్రగా ఉంది.

ఆ బండి ఇంజన్‌లో ఎర్ర నూనె ఉండదు. ఉండేది స్టీరింగ్‌లో. పైనెక్కడో కారి, ఇంజన్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం వెంట జారి, ఛాంబర్ అంచుకొచ్చి చుక్క కడుతోంది. మూడుసార్లూ కొలకర్ర ముంచి చూశాడు, ఇంజన్ నూనె వెంట్రుకవాసి తగ్గలేదు. కానీ తప్పు ఛాంబర్‌దే అని మనసులో ఖాయం చేసుకున్నాక కొలకర్ర మాట ఎవరు వింటారు?

"రెండుసార్లు ఉత్తి పుణ్యానికి విప్పానన్నమాట," అన్నాడు.

"చూడకుండా విప్పారు. ఇప్పుడు చూసి విప్పండి."

ఆమె ముందుగదిలోకి వెళ్ళి, తన మిషను బల్ల అంచుకు అంటించుకున్న తెల్ల ఎల్‌ఈడీ పట్టీని ఊడదీసుకొచ్చింది. దానికైన ఖర్చు హోటల్లో ఇద్దరి భోజనమంత కూడా కాదు. పైగా కారు బ్యాటరీ మీదే వెలుగుతుంది, షాకు భయం లేదు. అతను దాన్ని కోయడానికి గీత వేసి ఉన్న చోట రెండుగా కోసి, పాత అల్యూమినియం కిటికీ పట్టీలకు అంటించాడు. షెడ్డు మూలనున్న బ్యాటరీకి వైరు కలపబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఫ్యూజు."

"నాకు చెప్తున్నావా?"

"మీకే."

ఫ్యూజు పెట్టి, పట్టీలను చాపకు అటొకటి ఇటొకటి నేలబారుగా పెట్టి వెలిగించాడు. ఒక దాని నీడను ఇంకొకటి తుడిచేసింది. కారు కడుపంతా మడతలతో సహా బయటపడింది. పైన, స్టీరింగ్ గొట్టం బిగింపు దగ్గర, సూదితో గీసినంత సన్నటి పగులు. మధ్యాహ్నంలోపే కొత్త గొట్టం పడింది.

డ్రైవరు వచ్చేసరికి నేల పొడిగా ఉంది. సీలు మళ్ళీ మార్చానని చెప్పి పంపేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను మెకానిక్ మింగేశాడు.

"అన్నా, ఛాంబర్‌లో ఏ లోపమూ లేదు. మొదటి రోజు నుంచీ కారుతున్నది స్టీరింగ్ నూనె. నేనే పొరపడ్డాను. ఆ రెండు పనుల డబ్బూ నీకు వెనక్కిస్తాను."

డ్రైవరు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎక్కడ కారిందో చూపించు."

"నీ చొక్కా ఇస్త్రీది, మాస్తుందన్నా."

"మాయనీ."

కారు కింది ఇనుప స్టాండ్లన్నీ మరోసారి కదిపి చూసి, కారు కదలదని తేల్చుకున్నాకే మెకానిక్ అతన్ని చాప మీదికి రానిచ్చాడు. కొత్త గొట్టాన్ని వేలితో చూపించాడు. డ్రైవరు దాన్ని తడిమి, పొడి వేలిని వెలుగులో తిప్పి చూసుకున్నాడు. పన్నెండేళ్ళుగా నడుపుతున్న బండి అడుగు అతను చూడటం అదే మొదలు.

"రేపు స్టాండులోంచి ఇద్దర్ని పంపిస్తా. ఇద్దరి బళ్ళూ కారేవే, పైకి చెప్పరు. వాళ్ళనీ ఇలాగే పడుకోబెట్టి చూపించు."

"అలాగే అన్నా. ఇక లేస్తావా?"

"ఉండు తమ్ముడూ, తొందరేముంది! ఆ మూలన గుండ్రంగా ఉందే, అదేంటి?"

మెకానిక్ చాప మీద పక్కకు జరిగి, అతని భుజం పక్కనే పడుకుని చెప్పడం మొదలుపెట్టాడు.