బావగారు కలపని జత

మా బావగారు గురువారం పొద్దున నిద్రలోనే పోయారు. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. ఆదివారం సాయంత్రం ఫోనులో నాతో హాప్స్ గురించి పోట్లాడిన మనిషి ఆయన. "శనివారం కార్డిఫ్ వస్తావుగా మరదలా, అప్పుడు తేల్చుకుందాం" అని నవ్వుతూ పెట్టేశారు. గురువారం అక్క ఫోను చేసేసరికి నేను లండన్ పక్కన స్లౌలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "మీ బావ లేవట్లేదే" అంది. "రాత్రి ఆన్‌కాల్ అయ్యుంటుంది, పడుకోనీ అక్కా" అన్నాను. 

కార్డిఫ్‌లో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఆయన తెలిసే ఉంటారు. ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఎంతోమందిని నిద్రపుచ్చి, ఆపరేషన్ అయ్యాక పేరు పెట్టి పిలిచి లేపిన మనిషి. అలాంటి మనిషిని మా అక్క ఎంత పిలిచినా లేపలేకపోయింది. యాభై దాటి ఎంతో కాలం కాలేదు. బీపీ లేదు, షుగర్ లేదు. ఎవరి మీదో తెలియదు గానీ నాకింకా కోపంగానే ఉంది.

తీరిక దొరికితే చాలు, ఆయన గరాజ్‌లో బీరు కాచేవారు. "పగలు మత్తు డాక్టరు, ఇంటికొస్తే మత్తు కాంట్రాక్టరు" అని నేను ఏడిపించేదాన్ని. "కాంట్రాక్టరుకు ఎంతో కొంత మిగులుతుందమ్మా, నాకు గ్లాసుడు బీరు కూడా మిగలదు" అనేవారు. అదీ నిజమే. తాగేదంతా ఆపరేషన్ థియేటర్ నర్సులూ, వీధిలోవాళ్లూ. ఆయన మాత్రం అరగ్లాసు పోసుకుని, తాగడం కంటే వాసన చూడడానికే ఎక్కువసేపు తీసుకునేవారు.

హాప్స్ అంటే తీగకు పూసే చిన్న ఆకుపచ్చ పూలు. ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్ముతారు. బీరు కాచేటప్పుడు వేసి మరిగిస్తే చేదు దిగుతుంది గానీ వాసన ఆవిరిలో పోతుంది. అందుకని బీరు పులియడం సద్దుమణిగే వేళకు మరికొన్ని పూలు ఊరికే అలా వేసి, నాలుగు రోజులు వదిలేస్తారు. దాన్ని డ్రై హాపింగ్ అంటారు. "చారు దించాక కొత్తిమీర వేస్తారు చూడు, అంతే" అని బావగారు నాకు ఒక్క ముక్కలో చెప్పేశారు. అసలు తంటా ఏ పువ్వుకు ఏ పువ్వు జత అన్న దగ్గరే. సిట్రా అనే రకం నలిపితే మామిడిపండూ నిమ్మతొక్కా. మొజాయిక్‌లో ఏవో పళ్లు, వాటి వెనకాల కాస్త ఉల్లిపాయ. ఇక్కడే పండే గోల్డింగ్స్‌లో తేనె, ఎండుగడ్డి. "జతలో ఒకటి మాట్లాడాలి, ఒకటి వినాలి" అనేవారు ఆయన. "రెండూ మాట్లాడితే సంత. మూడోది వేశావా, ఇక అసెంబ్లీయే."

ఆదివారం మా పోట్లాట కూడా దాని గురించే. సిట్రా, మొజాయిక్ కలపమన్నాను. "లండన్‌లో ఇప్పుడందరూ అదే తాగుతున్నారు బావగారూ" అన్నాను. "అందరూ తాగేదే కావాలంటే షాపులున్నాయిగా, మధ్యలో నేనెందుకు" అన్నారు. కొత్తగా బీరు పెట్టిన ప్రతిసారీ ఇలా ఫోను చేసి, "సలహాదారుగారూ, ఏమంటారు" అని అడిగేవారు. ఆయన బీరులో సగం పుణ్యం నాదేనని అందరి దగ్గరా చెప్పుకునేదాన్ని. అక్క అయితే గరాజ్ వైపే వచ్చేది కాదు. ఆ పులిసిన కంపు తనకు పడదనేది.

గురువారం సాయంత్రానికి ఇల్లంతా మనుషులు. ఈ దేశంలో దహనానికి స్లాట్ దొరకడానికే వారం పైన పడుతుంది. అందాకా వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, పులిహోర డబ్బాలు పెడుతూనే ఉంటారు. అక్క కూతురు నా చెయ్యి పట్టుకుని గరాజ్‌లోకి తీసుకెళ్లింది. "పిన్నీ, డాడ్స్ బీర్ ఈజ్ స్టిల్ బబ్లింగ్" అంది. చూశాను. పీపా మూతకున్న గొట్టంలోంచి ఒక బుడగ వచ్చింది. కాసేపాగి ఇంకొకటి. ఆయన ఊపిరి ఆగిపోయాక కూడా ఇది ఇక్కడ తన పని తాను చేసుకుంటోంది. అక్కడే సిమెంటు నేల మీద కూర్చుండిపోయాను.

రిటైరవుతున్న ఒక థియేటర్ నర్సు పార్టీకి ఇస్తానని ఆయన మాటిచ్చిన బీరు అది. లండన్‌లోని ఇల్ఫర్డ్ నుంచి వచ్చిన మా పెద్దాయన ఒకరికి ఈ సంగతి తెలిసింది. "మైల ఇంట్లో బీరేందమ్మా, ముందు దాన్ని పారబోయించండి" అన్నాడు. పొద్దుటినుంచీ పెదవి విప్పని అక్క అప్పుడు తలెత్తింది.

"ఆయన ఏ పనీ సగంలో వదిలిపెట్టరు బాబాయిగారూ. శనివారం దాంట్లో హాప్స్ వెయ్యాలి. వేస్తాం" అంది. 

శనివారం నేనూ అక్కా వంటింట్లో ఫ్రీజర్ తెరిచాం. కరివేపాకు, ములక్కాడల పక్కనే ఆయన ప్యాకెట్లు వరసగా ఉన్నాయి.

"ఏం కలపాలో ఆయన తేల్చలేదక్కా" అన్నాను. "నేనైతే సిట్రా, మొజాయిక్ అన్నాను."

"నువ్వు చెప్పినవి ఆయన ఎప్పుడన్నా వేశారటే?" అంది అక్క.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. "నీతో వాదులాట అయ్యాక ఇక్కడికొచ్చేవారు. పేర్లు చెప్పకుండా అరచేతుల్లో నలిపి నా ముక్కు దగ్గర పెట్టేవారు. నేను ఊఁ అంటే వేసేవారు, ఊహూఁ అంటే మానేసేవారు. ఇన్నేళ్లూ అంతే."

గరాజ్ వైపు రాని మనిషి. చుక్క ముట్టని మనిషి. నేను నోరెళ్లబెట్టాను. "మరి మాకెవరికీ చెప్పలేదేం?"

"నేనే వద్దన్నా. బీరు సంగతులు నాకేం తెలుసని పదిమందిలో చెప్పుకోను? ఆయనకదో సరదా, నాకదో సరదా."

"అయితే ఇప్పుడూ నువ్వే చెప్పు" అని ఒక ప్యాకెట్ చింపి చేతికిచ్చాను. వాసన చూసింది. పక్కన పెట్టి ఇంకోటి చూసింది. మళ్లీ మొదటిదే తీసుకుంది.

"తెలియట్లేదే" అంది. "ప్యాకెట్లోంచి నేనెప్పుడూ చూడలా. ఆయన చేతుల్లోంచే చూశా."

గురువారం నుంచీ ఏడవని అక్క ఫ్రీజర్ తలుపు పట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఏం చెయ్యాలో తోచక కాసిని పూలు నా అరచేతిలో నలిపి ఆమె ముందు పెట్టాను. ఏడుస్తూనే వాసన చూసి తల అడ్డంగా ఊపింది.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి. వాసన రాదు. ఆయనవి ఎప్పుడూ వెచ్చగా ఉండేవి."

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, పూలు తన దోసిట్లోనే పోసుకుంది. రెండు చేతులూ కలిపి, కళ్లు మూసుకుని నలిపింది. చేతులు వేడెక్కేదాకా ఆపలేదు. ముఖం దగ్గర పెట్టుకుని, కాదని ఇంకో ప్యాకెట్ అడిగింది. గోల్డింగ్స్ దగ్గర చాలాసేపు ఆగి, "ఇది ఉండనీ" అంది. తర్వాత సిట్రా. "ఇది కొంచెమే వెయ్యి." మొజాయిక్‌ను వద్దని తోసేసింది. గుడ్డ సంచిలో ఆ రెండూ వేసి కట్టాను. గరాజ్‌లోకి ఆమే వచ్చి, సంచిని బీరులో దించి మూత బిగించింది.

అంతలో బెల్ మోగింది. చేతులు కడుక్కునే వ్యవధి లేకుండా అక్క వెళ్లి తలుపు తీసింది. వెనకాలే ఇంకో కారు, దాని వెనక ఇంకోటి. వచ్చినవాళ్లంతా ఏం మాట్లాడాలో తెలియక ఆమె చేతులు రెండూ పట్టుకుని నిలబడ్డారు. హాప్స్ పూల పసుపుపచ్చని జిగురు పొడి అంటిన చేతులు. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ గేటు దగ్గర ఆగి, తమ అరచేతులు వాసన చూసుకుని, ఒకసారి ఇంటి వైపు తిరిగి చూసి కారెక్కారు.