ముందే రాసిపెట్టిన సోమవారాలు

గురజాలలో నా క్లాసు పిల్లలకు బ్లాగు రాయడం అసైన్‌మెంటుగా ఇస్తాను. సలహా ఒకటే చెబుతాను: రేపటిది ఈరోజు రాయకండి. ఎందుకని అడిగినవాళ్ళకు ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు.

నరసరావుపేటలో నేను డిగ్రీ చదివేటప్పుడు మా లెక్చరర్ పది వారాలు బ్లాగు రాయమన్నాడు. సోమవారానికొకటి. "పదీ ఒకేసారి రాసి షెడ్యూల్ చేసి పెట్టుకోండమ్మా, ఆలస్యమైతే మార్కులు పోతాయి" అని ఆయనే అన్నాడు. మూడో బెంచీలో కూర్చుని నా చెవులతో విన్నాను. తర్వాత ఆయన మరిచిపోయాడు. నేను మరవలేదు.

మా ఎదురింట్లో జాకెట్లు కుట్టే చాచా, ఆయన భార్య చాచీ ఉండేవాళ్ళు. వీధివైపు గది కొట్టు, వెనక ఇల్లు. చాచా గురించే రాశాను. మూడు వారాలకు సరిపడా చూసి రాశాను, మిగిలిన ఏడూ ఊహించి రాశాను. ఏ సోమవారానిది ఆ సోమవారం దానంతటదే వచ్చేలా పదీ నెట్ సెంటర్లో షెడ్యూల్ చేశాను. క్లాసు మొత్తానికీ అకౌంట్లు తెరిచింది నెట్ సెంటరతను, అదీ తన ఫోన్ నంబరుతో. అప్లికేషన్లన్నీ అతను అలాగే నింపేవాడు, అదేమిటని మేమెవరం అడగలేదు.

నాలుగో వారం మొదలయ్యే ముందు చాచా గుండెపోటుతో పోయాడు. సోమవారం పొద్దున ఆరింటికి బ్లాగులో ఆయన షట్టర్ ఎత్తాడు, మిషన్‌కు నూనె వేశాడు, నన్ను చూసి "కాలేజీకి టైమైంది, పో" అన్నాడు.

మిగిలినవి రాకుండా ఆపబోయాను. నా ఫోన్‌లో తెరవబోతే ఓటీపీ నెట్ సెంటరతని నంబరుకు పోతోంది. అతను సెంటర్ మూసేసి వెళ్ళిపోయాడు, నంబరు పనిచేయడం లేదు. లెక్చరర్‌కు చెబితే "చూద్దాంలే" అన్నాడు.

ఐదోది వచ్చిన రోజు చాచీ తమ్ముడు చిలకలూరిపేట నుంచి నేరుగా కాలేజీకి వచ్చాడు. ఎవరో అతనికి లింకు పంపారట. లెక్చరర్ అందరి ముందూ నావైపు వేలు చూపించి, "ముందే రాయమని నేనెందుకు చెబుతాను? ఈ పిల్లదే అతితెలివి" అన్నాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఎవరెవరు తలొంచుకున్నారో ఇప్పటికీ బెంచీల వరుసన చెప్పగలను.

ఆ సాయంత్రం చాచీ కబురు పెట్టింది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు వాళ్ళలో ఆడమనిషి గడప దాటదు. నేనే వెళ్ళాను.

"ఏమే, మా ఆయన్ని పడుకోనియ్యవా?"

"ఆపడం నా చేతిలో లేదు చాచీ."

"రాసింది నీ చేత్తోనే గదా."

ఆమె నా చేతిలో ఫోన్ వైపు చూపించింది.

"ఏం రాశావో చదువు. నాకు తెలుగు చదవను రాదు."

చదివాను. అయ్యాక, "మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అంది.

"సోమవారం."

అప్పటినుంచి ప్రతి సోమవారం వెళ్ళాను. కొట్టులోకి తెరుచుకునే లోపలి తలుపు దగ్గర నాకు స్టూలు వేసేది. ఆయన పోయిన రోజు మూసిన ఆ తలుపు మళ్ళీ తీయలేదు. ఏడోవారం చదువుతున్నాను: "చాచా పచ్చ జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాడు. రెండు కుట్టి, దారం అయిపోయిందని లేచాడు."

చాచీ లేచి తలుపు తీసింది. నూనె వాసన. మిషన్ మీద పచ్చ జాకెట్టు ఉంది. రెండు హుక్కులున్నాయి. గుచ్చి ఉన్న సూదిలో దారం లేదు.

"చూసే రాశావు గదా?" అంది.

"ఆ" అన్నాను. అబద్ధం.

ఆ తర్వాత నాకు పదోదంటేనే భయం పట్టుకుంది. అందులో ఏం రాశానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఆమె తట్టుకోలేనిది రాసి ఉంటే?

మూడే వాక్యాలు వచ్చాయి. రాయడానికేమీ మిగలక రాసినవి. "ఈరోజు కొట్టు తెరవలేదు. చాచా ఎక్కడికెళ్ళాడో తెలియదు. చాచీని అడగాలి."

చాచీ మళ్ళీ మూసేసిన ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

"అడుగు మరి."

"చాచా ఎక్కడికెళ్ళాడు చాచీ?"

ఆయన పోయిన రోజు సంగతి అంతవరకూ ఆమె ఎవరికీ చెప్పలేదు.

"హుక్కులు కుడుతున్నాడు. దారం అయిపోయిందని లేచాడే. అల్మారా దాకా పోలా."

ఆ హుక్కుల సంగతి నేను ఎప్పుడు రాశానో ఆమెకు ఈనాటికీ చెప్పలేదు.